అప్పు చేసి ఖర్చు పెడితే ధరలు పెరుగుతాయా? గోదావరి డెల్టాలో కూర్చుని చూస్తే

అమలాపురం నుంచి మీరు అడిగింది ఇది: "ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు పెడితే ధరలు మండిపోతాయని మా లెక్చరర్ గారు చెప్పారు. ఖర్చు పెట్టకపోతే అభివృద్ధే ఉండదని టీవీలో చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి? నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీలో ఉంది, లోటు పెరిగితే దానికేమైనా ముప్పా?"

నేను అర్థశాస్త్రం చదివి, ఉద్యోగమంతా డెల్టా బ్రాంచీల్లో పంట రుణాలు చూసి రిటైరైనవాణ్ణి. పుస్తకంలో ఉన్నదీ కౌంటర్ దగ్గర చూసిందీ కలిపి చెబుతాను. లోటు ఎంత శాతం అన్న ఒక్క అంకెతో ధరల సంగతి తేలదు. ఆ డబ్బు ఏ సరుకు మీద, ఏ కూలి మీద పడుతోంది, ఆ సరుకూ ఆ మనుషులూ అప్పటికి దొరుకుతున్నారా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది.

ముందు అంకెలు చూడండి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఖర్చు 50.65 లక్షల కోట్లు. అప్పులు కాకుండా వచ్చే రాబడి 34.96 లక్షల కోట్లు. తేడా 15.69 లక్షల కోట్లు, అదే ద్రవ్యలోటు. జీడీపీలో 4.4 శాతం. ఇంత లోటు పెట్టుకున్న ఏడాదిలోనే అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగే వేగం, 0.25 శాతానికి పడిపోయింది. కూరగాయలు, పప్పులు చౌకయ్యాయి, సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గాయి. కొంచెం వెనక్కి వెళ్లండి. కోవిడ్ ఏడాది 2020-21లో 9.2 శాతానికి వెళ్లిన లోటు తర్వాత 6.7కి, ఆపైన 6.4కి దిగుతూ ఉంది. సరిగ్గా ఆ దిగే రోజుల్లోనే, 2022 ఏప్రిల్‌లో, ద్రవ్యోల్బణం 7.79 శాతానికి ఎక్కింది. ఉక్రెయిన్ యుద్ధంతో నూనె ప్యాకెట్ ధర ఎలా ఎగిరిందో మీ ఇంట్లోనూ గుర్తుండే ఉంటుంది. కాబట్టి లోటు పెరిగితే ధరలు పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి అనే సూత్రాన్ని పరీక్ష పేపర్లో రాయండి గానీ, దాన్ని పట్టుకుని డబ్బు నిర్ణయాలు మాత్రం తీసుకోకండి.

"లోటు అంటే నోట్లు అచ్చేయడమేగా" అని చాలామంది అంటారు. ఒకప్పుడు ఆ మాటలో చాలా నిజం ఉంది. అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులని ఉండేవి. ఖజానాలో డబ్బు తగ్గినప్పుడల్లా కేంద్రం రిజర్వు బ్యాంకుకి ఒక బిల్లు రాసిచ్చి కొత్త డబ్బు తెచ్చుకునేది. 1994లో కుదిరిన ఒప్పందంతో ఆ అలవాటును మెల్లగా మాన్పించి 1997 ఏప్రిల్ నుంచి ఎత్తేశారు. ప్రభుత్వ అప్పులకి హద్దులు పెడుతూ 2003లో వచ్చిన ఎఫ్ఆర్‌బీఎం చట్టం ఇంకో అడుగు వేసింది. 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బాండ్లను (అప్పు పత్రాలను) రిజర్వు బ్యాంకు నేరుగా ప్రభుత్వం దగ్గర కొనకూడదు. మరి ఇప్పుడు అప్పు ఇచ్చేదెవరు? భీమవరంలో రొయ్యల సొమ్ము దాచుకున్నాయన డిపాజిట్, తణుకులో ప్రైవేటు ఉద్యోగి పీఎఫ్, రావులపాలెంలో అరటి వ్యాపారి కట్టే ఎల్ఐసీ ప్రీమియం, ఇవే చేతులు మారి ఢిల్లీకి అప్పుగా వెళ్తాయి. బ్యాంకులు తమ దగ్గరి డిపాజిట్లలో 18 శాతం దాకా ఎస్ఎల్ఆర్ కింద ఎలాగూ ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో పెట్టి తీరాలి. దొడ్డిదారి పూర్తిగా మూసుకుపోయిందనీ అనలేం. బ్యాంకులు కొన్న బాండ్లను రిజర్వు బ్యాంకు తర్వాత మార్కెట్లో కొనొచ్చు. 2021 ఏప్రిల్-జూన్ మధ్య ఒక కార్యక్రమం పెట్టి మరీ లక్ష కోట్ల బాండ్లు అలా కొంది. అప్పుడు కొత్త డబ్బు వచ్చినట్టే. అయినా జనం దుకాణాలకే పోలేని రోజులవి, దానివల్ల ధరలు అదుపు తప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. మన డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోయి ఉంటాయి, సార్వా (తొలకరి పంట) నారు పోయడానికి ఇంకా టైముంటుంది. ఊళ్లో కూలీలకి పనుండదు. అదే నెలలో ప్రభుత్వం అప్పు తెచ్చి కాలువల పూడిక తీయించిందనుకోండి. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకి పని దొరుకుతుంది, కూలి రేటు కదలదు, జూన్‌లో నీళ్లు వదిలాక శివారు భూములకి నీరందుతుంది. ధరల పోటు లేకుండా ఉత్పత్తి పెరిగినట్టు. అదే డబ్బు ఊడ్పుల రోజుల్లోనో, నవంబరు చివర్లో బంగాళాఖాతంలో తుపాను ఉందని రేడియో చెబుతుండగా చేను కోతకి వచ్చినప్పుడో ఊళ్లోకి వచ్చి అదే మనుషుల్ని వేరే పనికి పిలిస్తే? కోత మిషన్ వాడు అడిగినంత ఇవ్వాల్సిందే, కూలీ అడిగినంత ఇవ్వాల్సిందే. అక్కడ కొత్తగా పుట్టిన పని ఏమీ ఉండదు, ఉన్న పనికే రేటు పెరుగుతుంది. ఉపాధి హామీ మీద రైతుల పాత ఫిర్యాదు ఇదే. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టంలో, సాగు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజుల దాకా ఆ పనులు ఆపే వీలు పెట్టారు. దానివల్ల కూలీకి బేరమాడే బలం తగ్గుతుందనే వాదన కూడా బలమైనదే. కూలి పెరగడాన్ని ద్రవ్యోల్బణం అని తిట్టుకునేది రైతు, అదే పెరుగుదలతో బియ్యం, నూనె కొనుక్కునేది కూలీ.

ఇంకొకటి కూడా దగ్గరగా చూడాలి. కోనసీమ వైపు ఊరి చివర పల్లపు చేను కొని పేదల ఇళ్ల స్థలాలు వేశారనుకోండి. మనది లోతట్టు భూమి, వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ముందు మెరక చేయాలి. గ్రావెల్ ఇక్కడ దొరకదు, మెట్ట ప్రాంతం నుంచి టిప్పర్లలో తోలించాలి. ఒక ఊళ్లో ఒక కాలనీ అయితే ఫరవాలేదు. ఒకే ఎండాకాలంలో, వానలు రాకముందే అని, చుట్టుపక్కల అన్ని మండలాల్లోనూ మొదలుపెడితే టిప్పర్ల యజమానికి పండగే. ఇటుక బట్టీ దగ్గర వెయ్యి ఇటుకల రేటు వారానికోసారి మారుతుంది, తాపీ మేస్త్రి ఫోనెత్తడు. సిమెంటు, ఇనుము రేట్లు మాత్రం అంతగా కదలవు, ఎందుకంటే అవి దేశంలో ఎక్కడి నుంచైనా లారీ ఎక్కి వస్తాయి. అంటే బయటి నుంచి తెచ్చుకోగలిగిన సరుకు ఒకలా, ఇక్కడే దొరకాల్సిన మట్టి, మనిషి, స్థలం ఇంకోలా స్పందిస్తాయి. దేశం మొత్తం సూచీలో ఇది కనపడదు. సొంతిల్లు కట్టుకుంటున్న మీ పక్కింటాయనకి మాత్రం బాగా కనపడుతుంది. అదే పని మూడేళ్లకి విడగొట్టి చేస్తే లోటు మొత్తం అంతే ఉంటుంది, రేట్ల మీద ఒత్తిడి మాత్రం చాలా తగ్గుతుంది. వేగం గురించి మన బడ్జెట్ చర్చల్లో ఎవరూ మాట్లాడరు.

నగదు పథకాల గురించి అందరికీ ఒక అభిప్రాయం ఉంది: డబ్బు పంచితే బజారు మీద పడతారు, ధరలు పెరుగుతాయి అని. ఖాతాల్లో డబ్బు పడ్డ వారంలో బ్రాంచిలో నేను చూసింది కొంచెం వేరు. తాకట్టు పెట్టిన గాజులు, గొలుసు విడిపించుకోవడానికి వచ్చేవాళ్లు, డ్వాక్రా వాయిదా కట్టేవాళ్లు, బయట నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది తీర్చడానికి డ్రా చేసేవాళ్లు. అప్పు తీర్చిన డబ్బు ఆ వారం ఏ సరుకు వెంటా పడదు. కాబట్టి అలాంటి ఖర్చు ధరల్ని పెంచేది తక్కువే, కానీ ఉత్పత్తిని పెంచేదీ తక్కువే. జాతీయ ప్రజా ఆర్థిక, విధాన సంస్థ పరిశోధకుల లెక్కలో కూడా ఇదే ధోరణి ఉంది. ప్రభుత్వం రోడ్లు, కాలువల లాంటి మూలధన వ్యయం మీద రూపాయి పెడితే ఉత్పత్తి 2.45 రూపాయల మేర పెరుగుతుందని, నగదు బదిలీలైతే 0.98 రూపాయి అని వాళ్ల అంచనా. నా ఉద్దేశంలో 0.98 అంటే వృథా ఏమీ కాదు. నెలకి మూడు రూపాయల వడ్డీ నుంచి ఒక ఇల్లు బయటపడటం జీడీపీలో లెక్కకి రాదు.

ఆ 2.45 కూడా పని పూర్తయితేనే అన్నది గుర్తుంచుకోవాలి. పోలవరం చూడండి. 2005-06 ధరల్లో అంచనా 10,151 కోట్లు. 2010-11 ధరల్లో 16,010 కోట్లు. 2017-18 ధరల్లో 55,548 కోట్లు, అందులో సగానికి పైగా భూసేకరణ, పునరావాసానికే. 2013 భూసేకరణ చట్టంతో పరిహారం పెరగడం న్యాయమే. కానీ ఆలస్యం అయిన ప్రతి ఏడాదీ సిమెంటు, డీజిల్, కూలి ఖర్చులు పైకి పోతూనే ఉన్నాయి. కట్టడం మీద ఖర్చు పెట్టిన డబ్బు కూలిగా, కమీషన్‌గా, డీజిల్ బిల్లుగా ఆ ఏడాదే మార్కెట్లోకి వస్తుంది. దానికి బదులుగా రావాల్సిన ధాన్యం, కరెంటు మాత్రం గేట్లు పనిచేసి కాలువల్లో నీళ్లు పారాకే వస్తాయి. ఈ రెండింటి మధ్య ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఖర్చు మంచి పెట్టుబడి లక్షణం కోల్పోతుంది. పోల్చడానికి ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు ఇరవై ఏళ్లలో కరువులతో జనాభా తరిగిపోయిన జిల్లా, ఆ తర్వాత ప్రభుత్వానికి పెట్టిన ఖర్చుకి కొన్ని రెట్లు శిస్తు తెచ్చిపెట్టింది. కాటన్ దొర బొమ్మకి మనవాళ్లు దండలు వేసేది ఊరికే కాదు. ఆయన కట్టిన కాలంలో కార్మిక చట్టాలూ పరిహారాలూ ఏమీ లేవు, ఆ తేడా మర్చిపోయి ఇప్పటివాళ్లని తిట్టడం కూడా సరికాదు.

లోటు, ధరలు, ఎదుగుదల మూడూ ఒకేసారి కనిపించే మన సొంత ఉదాహరణ 2008 నుంచి 2011 దాకా నడిచిన కాలం. 2007-08లో కేంద్రం లోటు 2.5 శాతం. రైతు రుణమాఫీ, ఆరో వేతన సంఘం బకాయిలు, ఉపాధి హామీ అన్ని జిల్లాలకీ విస్తరించడం, పైన ప్రపంచ సంక్షోభం. ఒక్క ఏడాదిలో లోటు 6 శాతానికి, మరుసటి ఏడాది 6.5కి చేరింది. తగ్గిన వృద్ధి 2009-10లో మళ్లీ 8 శాతం దగ్గరికి లేచింది. ఖర్చు పని చేసింది. అదే ఏడాది కార్మికుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 12 శాతం దాటింది. మొత్తం పాపం లోటుదే అనకండి, 2009లో రుతుపవనాల వాన 22 శాతం తక్కువ పడింది. తిండిగింజలు తక్కువగా పండిన ఏడాదిలో చేతుల్లో డబ్బు పెరిగింది, అంతే.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దేశమంతా ధరలు పెరుగుతుంటే ధాన్యం పండించేవాడు బాగుపడాలి కదా, మరి చేను ఎందుకు బీడు పెట్టాడు? కూలి పెరిగింది, ఎరువు పెరిగింది. సాధారణ రకం ధాన్యానికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు, మన 75 కిలోల బస్తాకి 810. అది కూడా కళ్లం దగ్గర దొరికితే. ద్రవ్యోల్బణం అందరి ధరల్నీ ఒకేసారి, ఒకే మోతాదులో పెంచదు. కొనేవాటి ధర ముందు పెరిగి, అమ్మేదాని ధర చివర్లో పెరిగేవాడే దానికి బలవుతాడు. ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దీన్ని నేను ఎప్పుడూ గట్టిగానే చెబుతాను. బాస్మతి కాని బియ్యం ఎగుమతిని కేంద్రం 2008 ఏప్రిల్ నుంచి 2011 సెప్టెంబరు దాకా ఆపింది. 2023 జూలైలో తెల్ల బియ్యం మీద మళ్లీ ఆపి 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. కాకినాడ రేవు నుంచి పోవాల్సిన బియ్యం ఆగితే మిల్లర్ ధాన్యానికి రేటు తగ్గిస్తాడు, పట్నంలో బియ్యం ధర పెరగకుండా నిలబడుతుంది. ధరల్ని అదుపు చేయడానికి అయిన ఖర్చును బడ్జెట్ నుంచి పెడితే అది లోటుగా కనపడి ఉండేది. రైతు జేబులోంచి తీశారు కాబట్టి ఏ పద్దులోనూ కనపడలేదు. లోటు తక్కువ అని మెచ్చుకునేముందు ఇలాంటివి ఎన్ని దాచారో చూడాలి.

దీనికి తిరగేసిన కథ ఎరువులది. 2010 ఏప్రిల్ నుంచి కేంద్రం డీఏపీ, పొటాష్‌ల సబ్సిడీకి హద్దు పెట్టి రేట్లు కంపెనీలకి వదిలేసింది. లోటు తగ్గించుకోవడమే అందులో ఒక ఉద్దేశం. రూపాయి కూడా పడిపోవడంతో రెండేళ్లు తిరక్కుండా డీఏపీ ధర దాదాపు రెట్టింపైంది. లోటు తగ్గించబోతే ధర పెరిగింది. 2022-23లో ప్రపంచ మార్కెట్లో ఎరువుల ధరలు ఆకాశాన్నంటినప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చేశారు: సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది, డీఏపీ బస్తా 1,350 దగ్గర, యూరియా బస్తా 266.50 దగ్గర ఆగాయి. బడ్జెట్ మీద భారం పెరిగింది, ధర అదుపులో ఉంది. పెట్రోలు, డీజిల్ మీద పన్ను కూడా ఇంతే. పెంచితే లోటు తగ్గి ధరలు పెరుగుతాయి, తగ్గిస్తే అటుది ఇటవుతుంది. మీ లెక్చరర్ గారిని ఈ ఒక్క ఉదాహరణ అడిగి చూడండి, మంచి చర్చ అవుతుంది.

అయితే లోటుకి అసలు హద్దే లేదని కాదు. హద్దు వడ్డీ దగ్గర కనపడుతుంది. 2025-26లో కేంద్రం కట్టాల్సిన వడ్డీ 12.76 లక్షల కోట్లు. అప్పులు కాని రాబడిలో మూడో వంతు కంటే ఎక్కువ. మూలధన వ్యయానికి పెట్టింది 11.21 లక్షల కోట్లు, వడ్డీ కంటే తక్కువ. ఆర్థిక వ్యవస్థ పెరిగే వేగం అప్పు మీద వడ్డీ రేటు కంటే ఎక్కువగా ఉన్నంతకాలం ఈ భారం మోయగలం. వేగం తగ్గితే పాత అప్పు వడ్డీకి కొత్త అప్పు తేవాలి. 2026-27 నుంచి ఏటా లోటు శాతం కంటే మొత్తం అప్పును కొలమానంగా పెట్టుకుని, 2031 మార్చి నాటికి జీడీపీలో 50 శాతం దగ్గరికి తెస్తామని కేంద్రం చెప్పింది. రాష్ట్రాలకి ఇంత వెసులుబాటు లేదు. వాటికి సొంత నోట్లు లేవు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293వ అధికరణం కింద దాని అనుమతి కావాలి. రాష్ట్ర బాండ్లను వేలం వేసినప్పుడు మార్కెట్ అడిగిన వడ్డీ ఇవ్వాల్సిందే. అందుకని రాష్ట్రం ఎక్కువ అప్పు చేస్తే మన ఊళ్లో బియ్యం ధర పెరగడం కంటే, బిల్లులు ఆగిపోవడం, కాంట్రాక్టర్ పని మధ్యలో వదిలేయడం, ధాన్యం డబ్బు ఆలస్యంగా పడటం లాంటివే ముందు కనిపిస్తాయి.

హద్దు దాటితే ఏమవుతుందో శ్రీలంకలో చూశాం. 2019 చివర్లో పన్నులు బాగా తగ్గించారు. లోటును కేంద్ర బ్యాంకు కొత్త డబ్బుతో పూడ్చింది. అది చాలదన్నట్టు 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు, వరి దిగుబడి పడిపోయింది. డాలర్లు అయిపోయాయి. 2022 సెప్టెంబరులో కొలంబోలో ద్రవ్యోల్బణం 70 శాతం దగ్గరికి వెళ్లింది. డబ్బు పెరగడం, సరుకు తరగడం రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టే అంత పతనం. జపాన్‌ది ఇంకో చివర. అప్పు జీడీపీకి రెండింతలు దాటినా దశాబ్దాల పాటు ధరలు కదలనే లేదు, ఎందుకంటే అక్కడ సరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి, కొనే ఉత్సాహమే లేదు.

ఇక నాన్నగారి డబ్బు సంగతి. లోటు వల్ల ఎఫ్‌డీ మునిగిపోదు. అసలు చూసుకోవాల్సింది, వడ్డీలోంచి పన్ను పోగా మిగిలేది ధరల పెరుగుదలకి పైన ఉందా అని. 2009-10లాంటి ఏడాదిలో లేదు, డిపాజిట్‌దారులు కళ్లముందే నష్టపోయారు. ఇప్పుడు మీ భయం తలకిందులుగా ఉంది. ధరలు చల్లబడితే రిజర్వు బ్యాంకు రేట్లు తగ్గిస్తుంది. 2025లో రెపో (బ్యాంకులకి రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) ఫిబ్రవరికి ముందు 6.5 ఉండగా జూన్‌కల్లా 5.5కి దిగింది, ఎఫ్‌డీ వడ్డీలు దాని వెనకే దిగాయి. గడువు తీరిన ఎఫ్‌డీని మళ్లీ వేస్తే పాత రేటు రాదు. ఆయనకి అరవై దాటితే పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ అడగండి. 2025లో దాని వడ్డీ 8.2 శాతం, ఐదేళ్లకి ఖాయం, 30 లక్షల దాకా పెట్టొచ్చు. మిగిలింది ఉంటే ఒకే తేదీకి కాకుండా ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు అని విడగొట్టి వేయించండి. నామినీ పేరు రాయించడం మర్చిపోకండి, మా బ్రాంచిలో ఎక్కువ తిప్పలు పడింది దానికోసమే.